పుస్తకాల మాటల్లో ఏది నామవాచకం, ఏది విశేషణం? కాల్పనిక, పౌరాణికం, సంచిక దగ్గర తేలడం లేదు

అరల_మధ్య (ప్రశ్న):

నమస్కారమండీ. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కోసం కథలకూ పుస్తకాలకూ సంబంధించిన మాటలతో ఒక పదపట్టిక తయారవుతోంది. ప్రతి మాట పక్కన 'నా' (నామవాచకం) అనో 'వి' (విశేషణం) అనో గుర్తు వేయాలి. నవల, రచయిత, అట్ట, పేజీ లాంటివాటితో పేచీ లేదు. పాత, కొత్త, పెద్ద కూడా సరే. చిక్కంతా ఈ కిందివాటితోనే:

కల్పన, కల్పిత, కాల్పనిక, కాల్పనికం
చరిత్ర, చారిత్రక, చారిత్రాత్మక
పౌరాణికం, జానపదం
నాటకం, నాటిక, నాటకీయ, నాటకీయత
పీఠిక, సంచిక, వార్షిక, సంపాదకీయం
కథా ('కథా సంపుటి'లోది), నవలా
ముద్రిత, కవిత, వాస్తవం
సస్పెన్స్, థ్రిల్లర్, ఫిక్షనల్

బడి పుస్తకంలో ఉన్నది 'నామవాచకం యొక్క గుణాన్ని తెలిపేది విశేషణం' అన్న నిర్వచనం. ఆ లెక్కన 'కథా సంపుటి'లో కథా కూడా సంపుటి ఎలాంటిదో చెబుతోంది. 'చరిత్ర పుస్తకం'లో చరిత్ర కూడా అంతే. అలాగని చరిత్రను విశేషణం అనలేం కదా. అర్థం చూసి ఊహించడం కాకుండా, పిల్లలు తామే చేసి చూసుకోగలిగే పరీక్ష ఏదైనా ఉందా?

ప్రూఫుల_బల్ల:

బడి నిర్వచనం తప్పు కాదు గానీ దాంతో పని జరగదు. తెలుగులో ఏ నామవాచకమైనా ఇంకో నామవాచకం ముందు కూర్చుని దాన్ని వివరించగలదు: నవల పేరు, కథ ముగింపు, రచయిత సంతకం, పుస్తకం అట్ట. 'ముందు ఉంది కాబట్టి విశేషణం' అంటూ పోతే సగం నిఘంటువు విశేషణాలతోనే నిండిపోతుంది.

ఎనిమిదో తరగతికి విగ్రహవాక్యం (సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే మాట) రాయడం ఎటూ వచ్చి ఉంటుంది. దాన్నే పరీక్షగా వాడండి. జంటను విడదీసినప్పుడు మధ్యలో ఏం వచ్చి చేరిందో చూడాలి.

చారిత్రక నవల అంటే చారిత్రకమైన నవల. కల్పిత పాత్ర అంటే కల్పితమైన పాత్ర. నాటకీయ ముగింపు అంటే నాటకీయమైన ముగింపు. మధ్యలో 'ఐన' వచ్చింది కాబట్టి మొదటిది విశేషణం.

కథా సంపుటి అంటే కథల యొక్క సంపుటి. చరిత్ర పుస్తకం అంటే చరిత్రను గురించిన పుస్తకం. పురాణ కథ అంటే పురాణంలోని కథ. మధ్యలో విభక్తి వచ్చింది కాబట్టి మొదటిది నామవాచకం. 

పిల్లలు జారే చోటు ఒకటుంది. కర్మధారయం (ముందు మాట వెనక మాట ఎలాంటిదో, ఏదో చెప్పే సమాసం) అని తేలగానే మొదటి మాట విశేషణమే అని రాసేస్తారు. 'సాహిత్య సముద్రం' విడదీస్తే సాహిత్యం అనే సముద్రం. 'తెలుగు భాష' విడదీస్తే తెలుగు అనే పేరు గల భాష. మధ్యలో 'అనే' వస్తే మొదటి మాట నామవాచకమే. రూపక సమాసాలూ (మొదటి ఉదాహరణ లాంటివి) సంభావనా పూర్వపదాలూ (రెండోదాని లాంటివి) అన్నీ ఈ కోవవే.

ఇక 'ఐన' కూడా ఒక్కోసారి దొంగ సాక్ష్యం చెబుతుంది. 'నాటకమైన నవల' అనొచ్చు. కానీ అక్కడ 'ఐన' అంటే 'నాటకంగా మారిన' అని. నవలకు నాటక గుణం ఉందని కాదు. తేడా పట్టుకోవడానికి 'ఐన' తీసేసి 'గా మారిన' పెట్టి చూడమనండి. 'నాటకంగా మారిన నవల'లో అర్థం అదే నిలిచింది, కాబట్టి నాటకం నామవాచకం. 'నాటకీయంగా మారిన ముగింపు' అనేసరికి అర్థం జరిగిపోయింది. ముందు మామూలుగా ఉండి తర్వాత నాటకీయమైందన్న కొత్త సంగతి వచ్చి చేరింది. కాబట్టి నాటకీయ విశేషణం.

ఒక్క పరీక్ష చాలదు. ఇంకో మూడు చెబుతాను, వీటిలో ఏ రెండు ఒకే మాట చెప్పినా గుర్తు వేసేయొచ్చు.

వాక్యం చివర పెట్టడం. 'ఇది నవల', 'ఇది పీఠిక', 'ఇది సంచిక' సరిపోతాయి. 'ఈ నవల చారిత్రక', 'ఈ పుస్తకం పాత', 'ఈ పాత్ర కల్పిత' అనం. అక్కడ తెలుగు విశేషణం ఒంటరిగా నిలబడదు, చారిత్రకం, పాతది, కల్పితం అని రూపం మార్చుకోవాల్సిందే.

'గా' తగిలించడం. 'కథ నవలగా పెరిగింది' అంటే 'దేనిగా?' అన్న ప్రశ్నకు జవాబు. 'కథ నాటకీయంగా ముగిసింది' అంటే 'ఎలా?' అన్న ప్రశ్నకు జవాబు. దేనిగా అని అడగగలిగితే నామవాచకం, ఎలా అని మాత్రమే అడగగలిగితే విశేషణం.

మధ్యలో 'ల' పెట్టడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే వ్యాకరణ పరిభాష ఏమీ అక్కర్లేదు. నవల పేరు, నవలల పేర్లు. కథా సంపుటి, కథల సంపుటి. మొదటి మాట తానుగా బహువచనం పట్టింది, నామవాచకం. చారిత్రక నవల, చారిత్రక నవలలు. ఎన్ని నవలలు వచ్చినా చారిత్రక కదల్లేదు, విశేషణం. సాహిత్యం, వచనం లాంటి మాటలకు బహువచనం అరుదు కాబట్టి ఈ పరీక్ష అక్కడ మూగబోతుంది. వాటికి విగ్రహవాక్యమే దిక్కు.

'చాలా' పెట్టి చూడమని కొందరు చెబుతారు. వద్దు. 'చాలా నాటకీయం' సరే, కానీ 'చాలా చారిత్రకం', 'చాలా ముద్రితం' అనం. అవి రకాన్ని చెప్పే విశేషణాలు, వాటికి ఎక్కువ తక్కువలు ఉండవు. పైగా 'చాలా నవలలు' అనగానే అది సంఖ్య అయిపోతుంది. పిల్లలు తికమకపడతారు.

శబ్దార్థి:

పై పరీక్షలతో ఏకీభవిస్తూ, సంస్కృతం నుంచి వచ్చిన మాటల తోకల గురించి కొంత. మీ పట్టికలో ఎక్కువ గందరగోళం 'క'తోనూ 'త'తోనూ ముగిసే మాటల్లోనే ఉంది.

ముందు 'ఇక' (కొన్నిట్లో ఉత్త 'క'). చారిత్రక, పౌరాణిక, కాల్పనిక, వార్షిక ఒక గుంపు. పీఠిక, సంచిక, నాటిక, పత్రిక, సూచిక ఇంకో గుంపు. చెవికి రెండూ ఒకటే. కానీ మొదటి గుంపులో మూలపదం మొదటి అచ్చు సాగుతుంది: చరిత్ర చారిత్రక అయింది, కల్పన కాల్పనిక, వర్షం (ఏడాది) వార్షిక, సంఘం సాంఘిక. పురాణంలో ఉకారం ఔకారమై పౌరాణిక, లోకంలో ఓకారం ఔకారమై లౌకిక, ఇతిహాసంలో ఇకారం ఐకారమై ఐతిహాసిక, వేదంలో ఏకారం ఐకారమై వైదిక. అంటే అ ఉంటే ఆ, ఇ ఈ ఏ ఉంటే ఐ, ఉ ఊ ఓ ఉంటే ఔ. దీన్నే వృద్ధి అంటారు. రెండో గుంపులో మొదటి అచ్చు కదలదు: పీఠం పీఠిక, పత్రం పత్రిక, నాటకం నాటిక, పుస్తకం పుస్తిక. ఇవన్నీ స్త్రీలింగ నామవాచకాలు, చాలామటుకు చిన్నదనాన్ని చెప్పేవి. నాటకంలో మొదటి అచ్చు ముందే దీర్ఘం కాబట్టి నాటికను చూసి వృద్ధి జరిగిందనుకోకూడదు. మూలంతో పోల్చి చూడాలి.

మొదటి అచ్చు సాగి, చివర 'ఇక' వస్తే విశేషణం. మొదటి అచ్చు సాగినా చివర 'యం' వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. సుందరం సౌందర్యం, పండితుడు పాండిత్యం, కవి కావ్యం, సహితం సాహిత్యం. ఇవి నామవాచకాలు. అందుకే పాండిత్యత, ప్రాధాన్యత లాంటివి తప్పంటారు. నామవాచకమైపోయినదానికి మళ్లీ నామవాచకం చేసే 'త' తగిలించడం అది.

ఆ 'త' సంగతి. మీ పట్టికలో నాలుగు రకాల త ఉంది. రచయితలో త కర్తను చెబుతుంది, నామవాచకం. కవితలో త కవి చేసే పనిని పేరుగా మార్చింది, నామవాచకం. ముద్రిత, కల్పిత, అనూదిత, సంకలితల్లో 'ఇత' అంటే 'చేయబడిన' అని, విశేషణాలు. నాటకీయత, వాస్తవికత, సృజనాత్మకతల్లో విశేషణం మీద త చేరి దాన్ని నామవాచకం చేసింది. బహువచనం పెడితే మొదటి రెండూ ఇట్టే విడిపోతాయి: రచయితలు, కవితలు. ముద్రితలు, కల్పితలు అనం. నాటకీయతకు బహువచనం సాధారణంగా వాడం గానీ 'నాటకీయతను తగ్గించారు' అని విభక్తి పెట్టొచ్చు. 'నాటకీయను తగ్గించారు' అనలేం.

'ఈయ', 'ఆత్మక' రెండూ విశేషణపు తోకలే: నాటకీయ, పఠనీయ, ప్రతీకాత్మక, సృజనాత్మక. దీనికి పెద్ద మినహాయింపు సంపాదకీయం. పుట్టుక విశేషణమే అయినా, పత్రికలో ఫలానా వ్యాసానికి పేరుగా స్థిరపడింది: సంపాదకీయాలు, సంపాదకీయంలో. నామవాచకం అని వేయండి.

చారిత్రాత్మక మాట పట్టికలోంచి తీసేయండి. చరిత్రకు ఆత్మక చేరితే చరిత్రాత్మక. చరిత్రకు వృద్ధి జరిగి క చేరితే చారిత్రక. రెండు పద్ధతులూ ఒకే మాట మీద పడి పుట్టింది చారిత్రాత్మక. పత్రికల్లో కొల్లలుగా కనిపిస్తుంది, అయినా పిల్లలకు నేర్పే పట్టికలో దానికి చోటివ్వడం మంచిది కాదు.

బడిపలక:

పై ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ పౌరాణికం దగ్గర దాటేసి వెళ్లారు. పిల్లలు ముందు అడిగేది దాని గురించే.

పౌరాణిక విశేషణమే. దానికి సున్న చేరి పౌరాణికం అయితే? ప్రూఫుల_బల్ల గారి పరీక్ష ప్రకారం 'ఈ నాటకం పౌరాణికం' అనొచ్చు కాబట్టి నామవాచకం కావాలి. కానీ 'ఈ నవల చారిత్రకం' అనీ అంటాం, 'ఈ పాత్ర కల్పితం' అనీ అంటాం. మరి కల్పితం కూడా నామవాచకమేనా?

అక్కడ ఇంకో మెట్టు దిగాలి. పౌరాణికానికి బహువచనం ఉంది, సంఖ్య పడుతుంది, విభక్తి పడుతుంది: 'మూడు పౌరాణికాలు ఆడారు', 'జానపదాల్లో కత్తియుద్ధాలు ఎక్కువ', 'సాంఘికాలకు గిరాకీ పెరిగింది'. పాతాళభైరవి (1951) జానపదం, మాయాబజార్ (1957) పౌరాణికం అని సినిమా రాతల్లో మామూలుగా రాస్తారు. ఇక్కడ పౌరాణికం ఒక రకానికి పేరు. నిక్కమైన నామవాచకం.

'రెండు కల్పితాలు చదివాను' అని ఎవరూ అనరు. 'ఈ పాత్ర కల్పితం'లో సున్న కేవలం వాక్యం ముగించడానికి వచ్చింది. గుణం చెప్పడమే దాని పని. బడి స్థాయిలో దాన్ని విశేషణంగానే ఉంచండి.

కాబట్టి సున్న ఉన్న మాటకు ముందు అంకె పెట్టి చూడమనండి. రెండు పౌరాణికాలు, రెండు జానపదాలు, రెండు సంపాదకీయాలు సరిపోతాయి. రెండు నాటకీయాలు, రెండు కల్పితాలు సరిపోవు. చారిత్రకం మధ్యస్థం: సినిమా, నాటకాల చర్చలో 'చారిత్రకాలు' అంటారు, నవలల చర్చలో 'చారిత్రక నవలలు' అనే వాడతారు.

జానపదంతో ఇంకో మెలిక. పాటల సందర్భంలో జానపదం అంటే పల్లెపాట, సినిమాల సందర్భంలో రాజకుమారుల కథ. రెండింట్లోనూ నామవాచకమే, అర్థం మాత్రం వేరు. పట్టికలో రెండు వరుసలుగా వేస్తే మేలు.

అరల_మధ్య:

అంకె పరీక్ష పిల్లలకు బాగా అందుతుంది. థాంక్స్ అండీ. రెండు అనుమానాలు మిగిలాయి.

ఒకటి, కథా, నవలా అనేవాటిని పట్టికలో విడి మాటలుగా ఉంచాలా? 'కథ', 'కథా' రెండూ వేరని కొందరు పట్టుబడుతున్నారు. రెండు, సరిచూసుకోవడానికి శబ్దరత్నాకరం నిఘంటువు తీస్తే చాలా మాటల పక్కన 'వి.' అని ఉంది. అవి విశేషణాలని రాసుకుంటూ పోతే పుస్తకము కూడా విశేషణం అయ్యింది!

శబ్దార్థి:

రెండోది ముందు, ఎందుకంటే అది పట్టిక మొత్తాన్ని తలకిందులు చేస్తుంది. శబ్దరత్నాకరం (1885) లాంటి పాత నిఘంటువుల్లో 'వి.' అంటే విశేష్యం, అంటే నామవాచకం. విశేషణానికి గుర్తు 'విణ.'. మీ పట్టికలో 'వి' అంటే విశేషణం అని పెట్టుకున్నారు, నిఘంటువులో అదే అక్షరం సరిగ్గా ఎదురు అర్థం చెబుతోంది. మీ గుర్తునే 'విణ' అని మార్చేయండి. రేపు పిల్లలు నిఘంటువు తెరిచినా తడబడరు.

ముందుండే అక్షరాలు మాట పుట్టుకను చెబుతాయి: 'సం.' సంస్కృతం, 'దే.' దేశ్యం (అచ్చతెలుగు మాట). 'సం. విణ.' అని ఉంటే సంస్కృత విశేషణం, 'దే. వి.' అని ఉంటే దేశ్య విశేష్యం.

ఇంకో జాగ్రత్త. ఆ నిఘంటువుల్లో విశేషణాలను కూడా 'ము'తోనే వరుసలో పెడతారు, నూతనము, కల్పితము అని. 'ము' ఉంది కదా అని నామవాచకం అనుకోకూడదు, పక్కనున్న గుర్తే ప్రమాణం. మీరు 'నూతన' అని వెతికి దొరకలేదనుకునే బదులు 'నూతనము' అని వెతకండి. బ్రౌన్ నిఘంటువులోనూ (1852) ఈ మాటలకు సున్న కాదు, 'ము'యే కనిపిస్తుంది.

ప్రూఫుల_బల్ల:

కథా, నవలా సంగతి. విడి మాటలుగా వేయొద్దు. కథ అన్న నామవాచకమే సంస్కృత సమాసంలో దీర్ఘంతో కనిపిస్తుంది, సంస్కృతంలో అది ఆకారాంతం కాబట్టి. ఒంటరిగా 'కథా బాగుంది' అనం. రచన, భాష, కవిత కూడా ఇంతే: రచనా విధానం, భాషా సేవ, కవితా సంపుటి. నవల ఈ మధ్య కాలపు మాట. కందుకూరి వీరేశలింగం తన రాజశేఖర చరిత్రాన్ని 'వచన ప్రబంధం' అన్నారు, 'నవల' అన్న పేరు తర్వాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడుకలోకి తెచ్చారు. అయినా కథతో పాటే నడుస్తూ నవలా సాహిత్యం, నవలా రచయిత అయింది.

సున్నతో ముగిసేవాటికి ఈ దీర్ఘం రాదు, సున్న ఒక్కటే పోతుంది: అనువాదం, అనువాద నవల. పఠనం, పఠన శక్తి. నాటకం, నాటక రచయిత. ప్రూఫుల్లో ఎక్కువగా దిద్దాల్సి వచ్చేది ఇక్కడే. కథా, భాషా చూసిన అలవాటుతో 'పఠనా శక్తి' అని రాసేస్తారు.

రెండో భాగం అచ్చతెలుగు మాటైతే కథా కన్నా 'కథల' అనడమే చెవికి ఇంపు: కథల పోటీ, కథల మూట. సంస్కృత సమాసరూపానికి తెలుగు మాట అంటించడాన్ని వైరి సమాసం అంటారు, పిల్లలకు ఆ పేరు చెప్పకపోయినా మూట ముందు 'కథా' పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందని వాళ్లకే తెలుస్తుంది.

ఇదే దారిలో 'పుస్తకపు పురుగు' కూడా అడుగుతారు. పుస్తకం చివరి ము పోయి పు వచ్చింది. బాలవ్యాకరణంలో 'కర్మధారయంబులందు మువర్ణకంబునకుం బుంపులగు' అన్న సూత్రం ఇలాంటి రూపాలకే. సరసపు మాట, విషాదపు ముగింపు ఆ సూత్రం కిందివే. పట్టికలో శీర్షికగా పుస్తకం, విషాదం నామవాచకాలుగానే ఉంటాయి. 'పు' చేరిన రూపం విశేషణంలా పనిచేస్తుందని పక్కన ఒక మాట రాస్తే సరిపోతుంది.

చదివిన, చదవని, అచ్చయిన, చిరిగిన లాంటివి మీ పట్టికలో లేవు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. క్రియ నుంచి పుట్టిన విశేషణాలు, క్రియాజన్య విశేషణాలు. 'అచ్చు' నామవాచకం, 'అచ్చయిన' విశేషణం. 'అచ్చు తప్పు'లో అచ్చు నామవాచకమే, అచ్చులో వచ్చిన తప్పు కాబట్టి.

ట్యాగుల_సంచి:

ఇంగ్లీషు నుంచి వచ్చినవాటికి పై పరీక్షల్లో ఒకటి పనిచేయదు, అది చెప్పి తీరాలి. 'వాక్యం చివర విశేషణం ఒంటరిగా నిలవదు' అన్నది తెలుగు, సంస్కృత మాటలకే. 'ఆ పాత్ర ఫిక్షనల్' అని మాటల్లో హాయిగా అనేస్తాం. కాబట్టి ఆ పరీక్ష పెడితే ఫిక్షనల్ నామవాచకమని తేలుతుంది, అది తప్పు.

వీటికి 'గా' పరీక్షే నమ్మకం. 'ఆ కథను థ్రిల్లర్‌గా తీశారు' అంటే దేనిగా తీశారు? థ్రిల్లర్ నామవాచకం. 'కథ థ్రిల్లింగ్‌గా ఉంది' అంటే ఎలా ఉంది? థ్రిల్లింగ్ విశేషణం. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు అక్కడికక్కడే పట్టేస్తారు. ఫిక్షన్, ఫిక్షనల్ కూడా ఇలాంటి జంటే.

సస్పెన్స్ దగ్గర కొంచెం ఆగాలి. 'సస్పెన్స్‌ను చివరిదాకా నిలబెట్టారు' అని ద్వితీయా విభక్తి పడుతుంది, నామవాచకం. 'సస్పెన్స్ నవల'లో కూడా నామవాచకమే, సస్పెన్స్ ఉన్న నవల. కానీ మాటల్లో 'కథ సస్పెన్స్‌గా ఉంది', 'సీన్ కామెడీగా ఉంది' అని ఎలా అన్న ప్రశ్నకు జవాబుగా కూడా వాడేస్తున్నారు. ఆ వాడుకను చూసి గుర్తు మార్చకండి. విభక్తి నేరుగా పట్టిందంటే నామవాచకం అని వేసి, విశేషణంలా కూడా వాడతారని రాయండి. క్లాసిక్ మాత్రం నిజంగా రెండు వైపులా ఉంది: 'క్లాసిక్‌లు చదవాలి', 'క్లాసిక్ నవల'. దానికి రెండు గుర్తులూ వేయాల్సిందే.

మాట చివర 'ది', 'వి' చేర్చి చూడటం కూడా పనికొస్తుంది. 'ఈ కాపీ సెకండ్ హ్యాండ్‌ది' అంటే ఎలాంటిది అని చెప్పడం, 'పాతది' లాగే. 'ఈ అట్ట నవలది' అంటే దేనిది అని చెప్పడం. 'ఎలాంటిది'కి జవాబైతే విశేషణం, 'దేనిది'కి జవాబైతే నామవాచకం. తెలుగు మాటలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో సూచన. రెండు గడుల పట్టిక కాకుండా మూడు గడులు పెట్టండి: నామవాచకం, విశేషణం, ఉదాహరణ జంట. ఉదాహరణ లేకుండా మాట ఒక్కటే పెడితే 'వాస్తవం' లాంటివి ఎప్పటికీ తేలవు. 'వాస్తవాలు రాశారు'లో నామవాచకం, 'వాస్తవ సంఘటన'లో వాస్తవమైన సంఘటన కాబట్టి విశేషణం. 'మంచి' కూడా ఇంతే. మంచి కథ, మంచీ చెడూ.

అరల_మధ్య:

మూడు గడులతో మళ్లీ వేస్తున్నాను. సరిచూడగలరా?

కల్పన: నామ. కల్పిత, కాల్పనిక: విణ. చరిత్ర: నామ. చారిత్రక: విణ. పౌరాణికం, జానపదం: నామ. నాటకం, నాటిక, నాటకీయత: నామ. నాటకీయ: విణ. పీఠిక, సంచిక, సంపాదకీయం: నామ. వార్షిక: విణ. ముద్రిత: విణ. కవిత: నామ. వాస్తవం: రెండూ. థ్రిల్లర్, సస్పెన్స్: నామ. ఫిక్షనల్: విణ.

హాస్యం, విషాదం కొత్తగా చేర్చాను. హాస్యానికి విశేషణం గడిలో 'హాస్యాస్పద' అనీ, విషాదానికి 'విషాదకర' అనీ రాశాను. కాల్పనికకు ఉదాహరణ 'కాల్పనిక పాత్ర'.

బడిపలక:

గుర్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. హాస్యం దగ్గర రాసింది మాత్రం మార్చండి.

హాస్యాస్పద విశేషణమే, కానీ హాస్యం కోసం వాడేది కాదు. 'హాస్య కథ' అంటే నవ్వించడానికి రాసిన కథ. 'హాస్యాస్పదమైన కథ' అంటే నవ్వులపాలైన కథ. ఏ రచయిత గురించైనా రెండోది అంటే తిట్టినట్టే. హాస్యానికి విశేషణం గడిలో ఏమీ రాయకుండా, 'హాస్య కథ' (హాస్యం గల కథ) అన్నది నామవాచకం గడి పక్కన ఉదాహరణగా వేయండి. ప్రతి నామవాచకానికీ జోడీ విశేషణం దొరకాలని లేదు. విషాదకర పరవాలేదు, 'విషాదకరమైన ముగింపు' మామూలు వాడుకే. విషాదాంతం మాత్రం నామవాచకంగానూ నడుస్తుంది: 'ఆ నవల విషాదాంతం', 'విషాదాంతాలు ఎవరు చదువుతారు'.

శబ్దార్థి:

కాల్పనిక పాత్ర బదులు 'కల్పిత పాత్ర' అనండి. రచయిత పుట్టించిన పాత్ర అని చెప్పడానికి అదే సూటి మాట. కాల్పనికకు 'కాల్పనిక సాహిత్యం' ఉదాహరణగా పెట్టండి, అక్కడ అది కథ, నవల వంటి రచనలన్నిటికీ కలిపి చెప్పే మాట. 'కాల్పనిక కవిత్వం' అనగానే విమర్శకుల వాడుకలో అర్థం భావకవిత్వం వైపు జరిగిపోతుంది, 'కాల్పనికోద్యమం'లో ఉన్నదీ ఆ అర్థమే. మూడింటిలోనూ విశేషణమే కాబట్టి మీ గుర్తు మారదు. ఉదాహరణ మాత్రం సాహిత్యంతోనే ఇవ్వండి, తొమ్మిదో తరగతికి భావకవిత్వం పాఠం వచ్చినప్పుడు రెండో అర్థం పక్కన చేర్చుకోవచ్చు.

వార్షిక దగ్గర ఉదాహరణ ఖాళీగా వదిలారు. 'వార్షిక సంచిక' అని వేయండి. ఒకటి విశేషణం, ఒకటి నామవాచకం, రెండింటి తోకా 'ఇక'యే.